ఎంపాకో లేని పొట్లం

నా నోటికి తాళం లేదని చిన్నప్పటి నుంచీ అందరూ అనేవారు. ఆ యేడు రెండోవిడత వానల్లో అది ఊరందరి ముందూ రుజువైంది. కిజూరా సంత నడిమధ్య, చిక్కుడు గింజల గోనెల ముందు నిలబడి, మా అమ్మమ్మ వయసున్న మనిషిని ఉత్త పేరు పెట్టి పిలిచాను. ఇదంతా ఒక హార్డ్ డిస్క్ కోసం అంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. ఆ నవ్వు పూర్తికాకుండానే మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియకుండా పోతుంది.

మా టోరో సీమలో మనిషికి రెండు పేర్లు. ఒకటి బడికీ, పోలీసు స్టేషనుకీ, సమాధి రాయికీ పనికొస్తుంది. రెండోది ఎంపాకో. మనుషులు ఒకరినొకరు పిలుచుకునేది దానితోనే. ఊరంతటికీ కలిపి పన్నెండే ఎంపాకోలు, అవే అందరూ పంచుకుంటారు. బజార్లో "అకీకీ" అని ఒక్క కేక వేస్తే పదిమంది తిరిగి చూస్తారు. కొత్త మనిషి ఎదురైతే మొదట అడిగేది "నీ ఎంపాకో ఏంటి?" అనే. తెలిసి తెలిసి ఎంపాకో వదిలేసి ఉత్త పేరుతో పిలిచారంటే, నువ్వు మాకు మనిషివే కాదని చెప్పినట్టు.

మా నాన్న ఎంపాకో అమూటి. సినిమాలు చెప్పేవాడు. మా కొట్టు వెనక రేకుల షెడ్డులో టీవీ పక్కన మైకు పట్టుకుని కూర్చునేవాడు. చైనా వాళ్ల తన్నులాటలు, నైజీరియా అత్తల సాధింపులు, తన్నుకుంటూ మధ్యలో పాటందుకునే ఇండియా హీరోలు, అన్నీ ఆయన నోట మా భాషలోనే మాట్లాడేవి. చుట్టుపక్కల ఊళ్లలో సినిమాలు గాండా భాషలో చెప్పేవాళ్లు బోలెడుమంది. మా భాషలో చెప్పేవాడు మా నాన్న ఒక్కడే. సినిమాలో ప్రతివాడికీ ఒక ఎంపాకో పెట్టేవాడు, విలన్‌కి తప్ప. వాడు చివరికి హీరో కాళ్ల మీద పడి ఏడ్చాడనుకోండి, నాన్న కాస్త ఆగి, గొంతు తగ్గించి, హీరో చేత అడిగించేవాడు: "సరేగానీ, నీ ఎంపాకో ఏంటి?" తెర మీద చైనావాడి పెదవులు ఏమంటున్నాయో ఎవడిక్కావాలి. షెడ్డు రేకులు అదిరేలా చప్పట్లు పడేవి.

తర్వాత మెడలో కణితి పెరిగింది. తీస్తే గొంతు పోవచ్చు, తీయకపోతే ప్రాణమే పోవచ్చని పెద్దాసుపత్రిలో ముందే చెప్పారు. తీయించుకున్నాడు. ఆ తర్వాత ఆయన మాట చెవి దగ్గర పెట్టుకుంటే తప్ప వినిపించేది కాదు, కాగితం నలిపినట్టు ఉండేది. అయినా ఆయన దిగులు పడలేదు. ఏళ్ల తరబడి చెప్పిన సినిమాలన్నీ రికార్డు చేసి హార్డ్ డిస్కులో పెట్టి ఉన్నాయి. షెడ్డులో అవే ఆడేవి, జనం అవే కొనుక్కెళ్లేవారు. ఎవరైనా జాలిపడితే నాన్న ఆ నల్ల డబ్బాను వేలితో తట్టి, "నా గొంతు ఇందులో ఉంది. దీనికి కణితులు లేవవు" అనేవాడు.

కొట్టులో మిషన్ల పని మా ఆయన అరాలిది, గల్లాపెట్టె దగ్గర నేను. అరాలిది కసేసె పట్నం వైపు. పెళ్లయ్యాక మా ఇంట్లోనే ఉండిపోయాడు. ఇల్లరికం అల్లుడంటే మా దగ్గర మగవాళ్లకు వేళాకోళమే. అరటి సారా దగ్గర కూర్చున్నవాళ్లు, "ఏం అరాలీ, ఇవాళ మామ గేటు తీశాడా?" అనేవారు. అరాలి నవ్వేసి ఊరుకునేవాడు. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది గానీ, నేనూ నవ్వేదాన్ని.

అరాలి పెట్టిన నియమం ఒకటుండేది. బయటి నుంచి వచ్చిన పెన్‌డ్రైవ్ గానీ మెమరీ కార్డు గానీ ముందు మూల ఉన్న పాత కంప్యూటర్లో పెట్టాలి. అది వైరస్ ఏమైనా ఉంటే కడిగేస్తుంది. దాన్ని మేం స్నానం అనేవాళ్లం. స్నానం కానిది అసలు మిషన్ ముఖం చూడకూడదు.

వానలు గట్టిపడ్డాక ఒక మధ్యాహ్నం అడ్యేరి అవ్వ వచ్చింది. సంతలో చిక్కుడు గింజలు అమ్ముతుంది. శనివారం వచ్చిందంటే షెడ్డులో మొదటి బల్ల ఆవిడదే. నాన్న కంటే ముందే డైలాగులు చెప్పేసేది. కార్డు నా చేతిలో పెట్టి, ఆ గుర్రపుస్వారీ సినిమా ఫోన్లోకి ఎక్కించమంది. అంత పెద్దావిడతో "ముందు మీ కార్డుకు స్నానం చేయించాలి" అనడమంటే, గడపలోకి వచ్చిన చుట్టాన్ని కాళ్లు కడుక్కు రమ్మన్నట్టే. నాకు నోరు రాలేదు. నేరుగా అసలు మిషన్లోనే పెట్టాను. సినిమా ఎక్కించి ఇచ్చాను. ఆవిడ అటు వెళ్లగానే కుండపోత మొదలైంది. ఇక గిరాకీ రాదని కొట్టు కట్టేశాం.

తెల్లారి మిషన్ తెరిస్తే సినిమాల పేర్లున్న చోట చీమలు పాకినట్టు ఏవో గీతలు. ఒకటి నొక్కితే ఏమీ రాలేదు. ఇంకోటి నొక్కితే తెరంతా పచ్చటి గళ్లు, వాటి వెనక నాన్న గొంతు ఒక్క అక్షరం దగ్గర ఇరుక్కుపోయి కొట్టుకుంటోంది. ట్రంకుపెట్టెలో జాగ్రత్తకని దాచిన రెండో హార్డ్ డిస్క్ గుర్తొచ్చింది. అదన్నా బాగుందో లేదో చూద్దామని తెచ్చి అదే మిషన్‌కి తగిలించాను. పెరట్లోంచి అరాలి "వద్దు, వద్దు" అంటూ పరుగెత్తుకొచ్చేసరికి అందులోనూ చీమలు పాకాయి.

అరాలి ముఖం పాలిపోయింది. మామ కోసం ఎంత బాధపడుతున్నాడో అనుకున్నాను.

రెండు డిస్కులూ ఫోర్ట్ పోర్టల్ పట్నంలో కంప్యూటర్లు బాగుచేసే అతనికిచ్చాం. కొన్నాళ్లుంచుకుని తిరిగిచ్చేశాడు. వైరస్ తినగా పేర్లు కొన్ని మిగిలాయట, లోపల సరుకు లేదట. "ఊళ్లో ఇళ్లున్నాయమ్మా, మనుషులు లేరు" అన్నాడు.

నాన్నకు ఆ మాట నేనే చెప్పాను. ఆయన బల్ల మీద కూర్చుని నోరు తెరిచి ఏదో అన్నాడు. నాకు వినిపించలేదు. మళ్లీ చెప్పమని అడగడానికి ధైర్యం చాలలేదు.

మర్నాడు సంత. నేను గొడుగు కూడా మరిచిపోయి తిన్నగా అడ్యేరి అవ్వ గోనెల దగ్గరికి వెళ్లాను. ఆవిడ తలెత్తి, ఎప్పటిలాగే, "అబ్వోలీ, తడుస్తున్నావేంటే, లోపలికి రా" అంది. పెద్దలను పలకరించేటప్పుడు వంచాల్సిన మోకాలు నేను వంచలేదు. నిలబడే అన్నాను:

"కబాహెందా. నీ కార్డుతో తెగులు తెచ్చి మా నాన్న నోట్లో మన్ను కొట్టావు."

చుట్టూ ఆడవాళ్లు బేరాలు ఆపేశారు. టమాటాలు కొంటున్న మా పాస్టరుగారి భార్య చెయ్యి గంపలోనే ఉండిపోయింది. అవ్వ కొలత డబ్బా పక్కన పెట్టి, గోనె మూతి మడిచి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచింది. నేను ఇంకా ఏవేవో అన్నాను. అవి ఇప్పుడు గుర్తులేవు. పిలిచిన పేరు మాత్రం గుర్తుంది, విన్నవాళ్లందరికీ కూడా.

ఇంటికొచ్చాక నాన్నకు ఎవరో చెప్పేశారు. ఆయన నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుని, "కాలు జారితే తీసుకోవచ్చు అబ్వోలీ, నోరు జారితే తీసుకోలేం" అన్నాడు. ఆయనకు ఒక్కో మాటా ఎంత కష్టమో నాకు తెలుసు.

ఆ పై వారం నాన్న కాళ్లకు రబ్బరు బూట్లు తొడిగి ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాడు. మన సినిమాలు ఊరందరి ఫోన్లలో ఉంటాయి కదా, తిరిగి అడిగి తీసుకుందాం అన్నాడు. ఆయన గొంతు వినిపించదు కాబట్టి నేను వెంట వెళ్లాలి. గడప దగ్గర ఆయన నా చెవిలో చెప్పేవాడు, నేను పైకి చెప్పేదాన్ని. అందరూ లోపలికి పిలిచారు, పాలు పోసిన టీ ఇచ్చారు, ఆరోగ్యం అడిగారు. సినిమాల సంగతి ఎత్తగానే తేలు కుట్టిన దొంగల్లా అయిపోయేవారు. "మా ఫోను పాడైపోయింది అమూటీ" అని ఒకరు, "మాకసలు సినిమాల పిచ్చి లేదు" అని ఇంకొకరు. మంగలి దుకాణంలోనైతే మేం వీధి మలుపు తిరిగేదాకా నాన్న గొంతు వినిపిస్తూనే ఉంది. మమ్మల్ని చూడగానే ఆగిపోయింది. మంగలి కత్తెర సాన పడుతూ తన దగ్గర ఏమీ లేవన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అడుక్కోవడానికి వెళ్లింది మేము, తల దించుకున్నదీ మేమే.

దారిలో నాన్న నవ్వాడు. ఆయన నవ్వుకిప్పుడు చప్పుడు లేదు, భుజాలు కదులుతాయంతే. "నా తిట్టు బాగానే పారింది" అన్నాడు.

ఆ తిట్టు ప్రతి సినిమా మొదట్లో ఉంటుంది. కొట్టులో కొనకుండా ఒకరి ఫోన్లోంచి ఇంకొకరు ఎక్కించుకుంటున్నారని కోపమొచ్చి నాన్నే పెట్టాడు: "దీన్ని దొంగచాటుగా ఎక్కించుకున్నవాడి ఎంపాకో ఊరు మరిచిపోవుగాక." అందరూ ఎక్కించుకున్నారు. అందరూ నవ్వుకున్నారు. కానీ ఇప్పుడు తెచ్చిస్తే, నేనే ఆ దొంగనని ఒప్పుకున్నట్టు. ఊరి ముందు ఎంపాకో పోగొట్టుకోవడానికి ఎవరు ముందుకొస్తారు? అది ఎలా ఉంటుందో నేను సంతలో ఒకసారి చేసి చూపించాను కూడా.

నాన్న ఆ రాత్రంతా ఏం ఆలోచించాడో గానీ, పొద్దున్నే ఊరి రేడియోకి పద అన్నాడు. అక్కడ మైకు నా వైపు తిప్పారు. నాన్న పక్కన కూర్చుని చెవిలో చెబుతుంటే నేను చెప్పాను. ఆయన అన్నది అన్నట్టే.

"నేను అమూటిని. నా గొంతు పోయింది, మీ దగ్గర ఉంది. నా తిట్టు నేను వెనక్కి తీసుకుంటున్నాను. మా కొట్టు అరుగు మీద మూతబుట్ట పెడతాను. మీ కార్డు పొట్లం కట్టి అందులో వెయ్యండి. పొట్లం మీద ఎంపాకో ఒక్కటి చాలు. మర్నాడు వచ్చి తీసుకుపోండి. ఎవరని అడగను. ఈ ఊళ్లో అకీకిలెంతమందో ఆ దేవుడికే తెలియదు, నాకెలా తెలుస్తుంది?"

రేడియో అబ్బాయి నవ్వు ఆపుకోలేకపోయాడు. నేను మాత్రం నవ్వలేదు. ఎంపాకోలు తక్కువుండడం వల్ల ఎవరు ఎవరో తెలియకుండా పోతుందనే సంగతిని ఇంత దయగా వాడుకోవచ్చని నాకు తట్టనే లేదు. నాకు తట్టింది ఎంపాకోను లాక్కోవడమే.

అమ్మ బతికుండగా అల్లిన రాగిముద్దల బుట్టను అరుగు మీద పెట్టాం. మొదటి రోజు వాన తప్ప ఎవరూ రాలేదు. రెండో రోజు పొద్దున మూత తీస్తే ఎండు అరటిదొప్పలో చుట్టి నారతో కట్టిన పొట్లాలు, ఒకదాని మీద ఒకటి. అకీకి, అటేని, అపూలి, మళ్లీ అకీకి. పాస్టరుగారి భార్య గొడుగు అడ్డం పెట్టుకుని మా కొట్టు ముందు ఆ చివరికీ ఈ చివరికీ నడవడం కిటికీలోంచి చూసి, నేను లోపలి గదిలోకి వెళ్లిపోయాను. అడగనని మాటిచ్చింది నాన్న. చూడకపోవడం నా వంతు.

అరాలి పాత కంప్యూటర్ ముందు నుంచి లేవలేదు. ఒక్కో కార్డుకీ స్నానం చేయించి, అందులో ఉన్నది కొత్త డిస్కులోకి ఎక్కించేవాడు. కొన్నింట్లో సగం సినిమాలే ఉన్నాయి. కొన్నింట్లో మధ్యలో ఎవరి ఫోనో మోగుతోంది. దొరికినదల్లా నాన్న చెవికి దగ్గరగా పెట్టుకుని వినేవాడు, తన మాటలకు తనే తలాడించేవాడు. రోజులు గడిచే కొద్దీ పొట్లాలు తగ్గాయి. వచ్చినవి ఊరందరికీ నచ్చినవే, అవే మళ్లీ మళ్లీ. పాతవి, నాన్నకు ఇష్టమైనవి, ఎవరూ తేలేదు.

ఆ పొట్లాల్లోనే ఒకటి నా చేతికొచ్చింది. మిగతా వాటి మీద ఎంపాకో మాత్రమే ఉంది. దీని మీద ఎంపాకో లేదు. "కబాహెందా" అని ఉంది. అంతే.

నేను దాన్ని పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. దాక్కోమని ఊరందరికీ చాటు ఇచ్చాం. ఆవిడ ఆ చాటుకు రాలేదు. ఏ పేరుతో నేను పిలిచానో ఆ పేరే రాసి పంపింది.

అరాలి ఆ కార్డును స్నానానికి పెట్టి, తెర వైపే చూస్తూ అన్నాడు. "ఇందులో ఏ తెగులూ లేదు. శుభ్రంగా ఉంది."

కార్డులో ఉన్నది నేను ఎక్కించిన గుర్రపుస్వారీ సినిమా ఒక్కటే. ఆ మధ్యాహ్నం మా అసలు మిషన్లో పెట్టి తీసిన కార్డది. అది శుభ్రంగా ఉందంటే అప్పటికి మా మిషనూ శుభ్రంగానే ఉంది. తెగులు ఆవిడ వెళ్లాక వచ్చింది. ఆవిడ వెళ్లాక కొట్టు కట్టేశాం. ఇంట్లో ఉన్నది మేమే. ఈ లెక్క వేయడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు. చివరి మెట్టు దగ్గర మాత్రం నా బుద్ధి మొరాయించింది. నేనూ దాన్ని తోయలేదు. కార్డు మళ్లీ అరటిదొప్పలో చుట్టి అరుగు మీద పెట్టాను. మర్నాడు అది అక్కడ లేదు. ఆవిడ ఎప్పుడొచ్చి తీసుకెళ్లిందో చూడలేదు. చూసే ముఖం నాకు లేదు.

అరాలి కసేసెలో ఎవరో బాబాయి పోయాడని వెళ్లొచ్చాడు. వచ్చిన మర్నాడు పొద్దున బుట్టలో కార్డు కాదు, ఏకంగా ఒక హార్డ్ డిస్క్. అరటిదొప్ప మీద "అరాలి" అని ఉంది.

అందులో అన్నీ ఉన్నాయి. మొదటి సినిమా నుంచి నాన్న ఆసుపత్రికి వెళ్లే ముందు చెప్పిన ఆఖరిదాకా వరసగా. నేను పెద్దగా ఏడ్చేశాను. నాన్న పాత ఇండియా సినిమా ఒకటి పెట్టమన్నాడు. పెట్టింది అరాలే. హీరో ఒకడు రౌడీల గుంపును చెరుకుతోటలో తరుముతున్నాడు, నాన్న గొంతు గుక్కతిప్పుకోకుండా పరుగెడుతోంది. ఉన్నట్టుండి దాని వెనక చంటిపిల్ల ఏడుపు, అప్పటికి నెలల పిల్లయిన మా పాపది. తరుముడు ఆగిపోయి, నాన్న మామూలు గొంతు, ఇంట్లో గొంతు, మెత్తగా వినిపించింది.

"అబ్వోలీ, పాపను ఎత్తుకో తల్లీ. ఆకలేస్తోందేమో."

ఆ గొంతు మళ్లీ వింటానని నేననుకోలేదు. నాన్న కూడా అనుకోలేదు. కాసేపు ఆ సంతోషంలోనే ఉన్నాం. ఆ తర్వాత నాకు తెలివొచ్చింది. ఆ ముక్క అమ్మే వాటిలో లేదు. జనం నవ్వుతారని అరాలే కత్తిరించాడు. కత్తిరించనిది మా నల్ల డబ్బాలో తప్ప ఊళ్లో ఎవరి దగ్గరా ఉండే వీల్లేదు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా నాన్న పట్టాడు. పట్టుకున్నట్టు నాకు తెలుసు, అరాలికీ తెలుసు. అరాలి కుర్చీ అంచు పట్టుకుని నిలబడ్డాడు. నాన్న ఏదో అంటుంటే ఇద్దరం వంగి చెవి పెట్టాం.

"ఈ ఊళ్లో అరాలీలకేం కొదవ. ఎవరో మంచివాడు" అన్నాడు. మళ్లీ అన్నాడు. "అల్లుడూ, సినిమాల మొదట్లో ఆ తిట్టుంది చూడు. అన్నింట్లోంచీ కత్తిరించెయ్."

నాన్న కోప్పడి ఉంటే బాగుండేదని అరాలి తర్వాత నాతో అన్నాడు. పెరట్లో, తడి ఆరని బట్టల పక్కన, నేను అడక్కుండానే అంతా చెప్పాడు. కసేసెలో ఒకడికి సినిమాలు చేరవేస్తున్నాడు. ఆ వానరోజు సాయంత్రం, మేం వంట దగ్గర ఉండగా, వాడి దగ్గర్నుంచి తెచ్చిన డిస్కును స్నానం లేకుండా నేరుగా పెట్టాడు. పాత కంప్యూటర్ ఆన్ చేస్తే చప్పుడుకు ఎవరైనా వస్తారని భయం. తెగులు అందులో వచ్చింది. తర్వాత వాడి కాళ్లావేళ్లా పడి, వాడు విడిగా దాచుకున్నది అడిగి తెచ్చాడు. బాబాయి ఎవరూ పోలేదు.

"ఎందుకు చేశావ్?" అన్నాను.

"రేకుల ఇల్లయినా మనదంటూ ఒకటి ఉంటుందనుకున్నా. సారా దగ్గర వాళ్లు నవ్వితే సరేలే అనుకునేవాణ్ణి. నువ్వూ నవ్వుతావు చూడు."

అతను చేసిన దానికి సిగ్గుపడాలో, నా నవ్వుకు సిగ్గుపడాలో తెలియక బట్టలు మడత పెట్టాను, తడివే. నేను సంతలో ఆ మాటన్న రోజున అరాలికి నిజం తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. ఆ సంగతి అతనే ఎత్తాడు. "అవ్వ దగ్గరికి నేను వెళ్తాను" అన్నాడు.

"నువ్వు వెళ్లేది ఎలాగూ ఉంది. కానీ మాటన్నది నేను" అన్నాను.

ఆ తర్వాత చాన్నాళ్లు అరాలి సినిమాలు కత్తిరిస్తూనే ఉన్నాడు. ఒక్కోటీ తెరవాలి, దొంగ ఎంపాకో ఊరు మరిచిపోవుగాక అని మామ గొంతులో వినాలి, కత్తిరించాలి, మళ్లీ ఇంకోటి తెరవాలి. గోడ అవతల నుంచి నాకూ వినిపించేది. నాన్న తెలిసే ఆ పని పెట్టాడా, మామూలుగా పెట్టాడా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేను.

అవ్వ ఇంటికి వెళ్లిన రోజు వాన సన్నగా పడుతోంది. ఆవిడ పంచలో పీట మీద కూర్చుని నానబెట్టిన చిక్కుడు గింజలకు పొట్టు తీస్తోంది. నేను గుమ్మం ముందు బురదలోనే మోకాళ్ల మీద కూర్చుని, "అడ్యేరీ" అని పిలిచాను. సంతలో అంత తేలిగ్గా వదిలేసిన పేరు, నోట్లోంచి రావడానికి ఎంతో బరువయింది.

ఆవిడ తలెత్తి చూసింది. పొట్టు తీస్తూనే చూసింది. నేను పుట్టినప్పుడు మేనత్తలతో పాటు కూర్చుని, నా మొహం అటూ ఇటూ తిప్పి చూసి, ఇది అబ్వోలియే అని తేల్చింది ఆవిడే. ఆ రోజు పేరు పెట్టిన విందులో నా పేరు మీద రాగిముద్ద తిన్నదీ ఆవిడే.

"ఎవరమ్మా నువ్వు?" అంది. "నీ ఎంపాకో ఏంటి?"

అచ్చం నాన్న చెప్పినట్టే అంది, కాస్త ఆగి, గొంతు తగ్గించి. ఆవిడకు ఆ సినిమాలన్నీ కంఠతా వచ్చు. వాటిలో ఆ ప్రశ్న ఎవరిని అడుగుతారో కూడా తెలుసు. నాకూ తెలుసు.

నేను చెప్పాను. నా గొంతు నాకే వినిపించలేదు.

"వినబళ్లేదు. మీ నాన్న గొంతు పోయిందంటే కణితి. నీకేమొచ్చింది? ఆ రోజు సంతలో బాగానే లేచిందే."

"అబ్వోలి" అన్నాను, ఈసారి గట్టిగా. పక్క పంచలో ఆడవాళ్లు తొంగిచూశారు. షెడ్డులోనైతే ఇక్కడ చప్పట్లు పడాలి. ఎవరూ కొట్టలేదు.

ఆవిడ గింజల బేసిను కాలితో నా వైపు జరిపింది. "తియ్యి మరి, చీకటి పడేలోపు" అంది. నేను బురద కాళ్లతోనే పంచ చివర కూర్చుని, తలెత్తకుండా, అన్నీ అయ్యేదాకా పొట్టు తీశాను.